సముద్రానికి ఇచ్చిన ప్రకటన

దేవమణికి పొద్దున్నే రెండు పనులు. ఒకటి ప్రార్థన, రెండోది నందిగామ రసూల్ ఏం చేస్తున్నాడో చూడటం. తొందరగా ఉన్నప్పుడు మొదటిది కాస్త కుదించుకునేది గానీ రెండోదాన్ని మాత్రం ఎన్నడూ కుదించలేదు.

ఆమెది జగ్గయ్యపేటలో పెళ్లిగౌన్లు అద్దెకిచ్చే కొట్టు. రసూల్‌ది నందిగామలో అదే వ్యాపారం. చర్చిలో పెళ్లికి తెల్లగౌను కావాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి గడప తొక్కాల్సిందే. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు. అయినా అతను ఏ వారం ఏ ప్రకటన ఇస్తున్నాడో అతని భార్యకన్నా దేవమణికే బాగా తెలుసు. ఫేస్‌బుక్ వాళ్ల యాడ్ లైబ్రరీ అని ఒకటుంది. అందులో కొట్టు పేరు కొడితే చాలు, వాళ్లు నడుపుతున్న ప్రకటనలన్నీ, ఎప్పుడు మొదలుపెట్టారో ఆ తారీఖుతో సహా వరసగా వచ్చేస్తాయి. పైసా ఖర్చులేదు. మనం చూసినట్టు అవతలివాడికి తెలియనే తెలియదు.

చిల్లకల్లులో పంతులు ఉద్యోగం చేసే ఆమె భర్త జయరాజ్‌కి ఇది నచ్చేది కాదు. పక్కింటి గోడమీంచి తొంగిచూడటం లాంటిదేగా అనేవాడు. వాకిలి తలుపు వాళ్లే బార్లా తెరిచిపెట్టాక తొంగిచూడాల్సిన ఖర్మ నాకేంటని దేవమణి ఎదురు అడిగేది. ఆయన సంచీ తగిలించుకుని బడికి బయల్దేరేవాడు.

ఇలా ఉండగా ఆమె ఒకసారి గౌనుతో పాటు పూలబొకే ఉచితం అని ప్రకటన ఇచ్చింది. వారం తిరక్కుండా రసూల్ కూడా బొకే ఇస్తానన్నాడు. ఆమె తలకి కిరీటం పెట్టింది. అతను కిరీటంతోపాటు చేతులకి గ్లౌజులు కూడా తొడిగాడు. అప్పుడు వెలిగింది దేవమణికి. నందిగామలో కూడా ఎవరో పొద్దున్నే లేచి లైబ్రరీ తెరుస్తున్నారు. ఒళ్లు మండిపోయింది ఆమెకి. తను చూస్తే వ్యాపార పరిశోధన, అతను చూస్తే మాత్రం పచ్చి దొంగతనం.

కోపానికి కారణం ఒక్క బొకే కాదు. కిందటేడు కొట్టు అద్దె సగం నెలలు జయరాజ్ జీతంలోంచే వెళ్లింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆమెని కోసేసేది. ఈస్టరుకి ముందు పెళ్లిళ్లు ఆగిపోయే శ్రమదినాలు మొదలయ్యేలోగా ఈ సీజన్ లేవకపోతే షట్టర్ దించేస్తానని తనకి తానే మాటిచ్చుకుంది. ఉన్న ఆశల్లా పాస్టర్ రత్నబాబుగారి అమ్మాయి గ్రేసీ పెళ్లి. కీసర దాకా ఉన్న చర్చి సంఘాలవాళ్లంతా వస్తారు. ఆ రోజు గ్రేసీ ఒంటిమీద ఎవరి గౌనుంటే ఏడాదంతా వాళ్ల కొట్టే నడుస్తుంది.

రసూల్‌ని ముందే దెబ్బకొట్టాలనుకుంది దేవమణి. ఆ లైబ్రరీలో ఒక లోపముందని ఆమె కనిపెట్టింది. ప్రకటన ఏంటో చూపిస్తుంది గానీ అది ఏ ఊరివాళ్లకి చూపిస్తున్నారో చెప్పదు. అంతే, ఒక ఉపాయం తట్టింది. "గౌను తీసుకున్నవారికి మూడంతస్తుల పెళ్లికేకు ఉచితం" అని ప్రకటన రాసి, చూపించాల్సిన చోటుని శ్రీకాకుళం అవతల మ్యాపులో దాదాపు సముద్రంలో పెట్టింది. ఈ జిల్లాలో ఒక్క ప్రాణికి కనపడదు. చేపలు చూస్తాయి. లైబ్రరీలో రసూల్ చూస్తాడు. చూసి ఊరుకోడు. కేకులు పంచి పంచి దివాలా తీస్తాడు.

ఆ రోజు కోడికూర వండి భర్తకి కొసరి కొసరి వడ్డించింది. కారణమేంటో ఆయన అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఆమె ఆశించినట్టే రసూల్ వలలో పడ్డాడు. మూడంతస్తుల కేకు ఉచితమని నందిగామ నుంచి మైలవరం దాకా మారుమోగించాడు. ఈలోగా దేవమణికి ఎవరో మత్స్యకారుడు ఫోన్‌చేసి, చెల్లి పెళ్లి ఉందనీ, కేకు పడవలో పంపినా పరవాలేదనీ అన్నాడు. రాంగ్ నంబరని పెట్టేసింది.

వారాలు గడిచాయి. రసూల్ దివాలా తీసిన జాడలేదు సరికదా, కొట్టుముందు జనం నిలబడుతున్నారని బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నది. ఆరా తీస్తే తేలిందేమంటే, అతని బావమరిది ఇలియాస్‌కి నందిగామలో బేకరీ ఉంది. కేకులు అసలు ఖరీదుకే వస్తున్నాయి.

ఆ సంగతి దేవమణికి మింగుడుపడకముందే గ్రేసీ తల్లి, పాస్టరమ్మ ఫ్లోరెన్స్‌గారు కొట్టుకొచ్చి, కూర్చోకుండానే విషయం చెప్పేశారు.

"ఏమనుకోకు దేవమణీ. నందిగామలో కేకు కూడా ఇస్తున్నారమ్మా. అలాంటి తెలివి నీకూ ఉంటే ఎంత బావుండేది."

ఆ తెలివి ఎవరిదో చెప్పుకునే వీలు కూడా లేదు. ఆవిడ వెళ్లాక దేవమణి బొమ్మకి తొడిగిన గౌను వెనకాల నిలబడి కాసేపు ఏడ్చింది.

పెళ్లిరోజు వెళ్లకూడదనుకుంది గానీ, వెళ్లకపోతే కుళ్లుకుందంటారని వెళ్లింది. కుళ్లుకున్న మాట నిజమే. పెళ్లికూతురి గదిలోకి తొంగిచూసేసరికి ప్రాణం లేచొచ్చింది. గౌను భుజాల దగ్గర జారిపోతోంది, నడుం దగ్గర సంచిలా ఉంది. గ్రేసీ బొకేని గుండెలకి హత్తుకుని, గౌను ఊడిపోకుండా కాపాడుకుంటోంది. దేవమణి ఆ దృశ్యాన్ని తనివితీరా చూసింది. తర్వాత ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసింది. ఇంక ఆగలేకపోయింది. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే సూదీ దారం తీసి, రసూల్‌నీ అతని వంశాన్నీ గొణుగుతూ తిట్టుకుంటూనే, భుజాలు బిగించి నడుం కుట్టింది. గ్రేసీ నడిచొస్తుంటే చర్చి అంతా తిరిగి చూసింది. శత్రువు గౌనుకి తన చేత్తో అందం తెచ్చిపెట్టిన ఆడది ఈ జిల్లాలో తనొక్కతే అయ్యుంటుందనుకుంది.

విందులో కేకు తినకూడదని ఒట్టుపెట్టుకుని రెండు ముక్కలు తినేసింది. అంత బాగుంది మరి. మూడోది అందుకోబోతుంటే పక్కన ఒకతను వచ్చి నిలబడ్డాడు. సన్నగా, చొక్కా మీద క్రీం మరకలతో ఉన్నాడు.

"అక్కా, నేను రసూల్‌నండి. గౌను మీరే సర్దారంట, గ్రేసీ చెప్పింది. నాకు అద్దెకివ్వడమే గానీ సూది పట్టడం రాదండి. కేకు కోసం వచ్చినోళ్లంతా గౌను వదులైందని తిరిగొస్తున్నారు. పరువు పోతోంది."

దేవమణి మొహం గంటుపెట్టుకుని, కేకు ఉపాయం ఎక్కడ దొరికిందయ్యా నీకు అని అడిగింది.

"మీ దగ్గరేగదండి," అన్నాడు అతను ఏమాత్రం సిగ్గుపడకుండా. "రోజూ పొద్దున నమాజు కాగానే మీదే చూస్తా. కాకపోతే మీ కేకు ఎవరికీ అందినట్టు లేదేంటక్కా? చిల్లకల్లులో అడిగా, కీసరలో అడిగా. ఒక్కళ్లూ ఆ ప్రకటన చూళ్లేదన్నారు."

దేవమణి మూడో ముక్క నోట్లో పెట్టేసుకుంది. నోరు నిండుగా ఉంటే జవాబు చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టలేదు. తను రాసిన ప్రతి అక్షరం చదివే మనిషి ఈ భూమ్మీద ఒక్కడున్నాడు, కట్టుకున్న జయరాజ్ కూడా అంత శ్రద్ధగా చదవడు. తెల్లారగానే కొత్త ప్రకటన రాసింది. "గౌను కుట్టు జగ్గయ్యపేటది, కేకు నందిగామది. రెండూ ఒకే చోట." రసూల్‌ని అడగలేదు, ఫోన్ చెయ్యలేదు. ఈసారి సముద్రంలో కాకుండా సరిగ్గా నందిగామ నడిబొడ్డున పెట్టింది.

మర్నాడు ప్రార్థన బాగా కుదించుకుని లైబ్రరీ తెరిచింది. రసూల్ పేరు కింద కొత్త ప్రకటన ఉంది. అలవాటు ప్రకారం ఆమెదే కాపీ కొట్టాడు. కాకపోతే వరస తిప్పేశాడు. "కేకు నందిగామది, గౌను కుట్టు జగ్గయ్యపేటది." నందిగామ పెద్దక్షరాల్లో, జగ్గయ్యపేట చిన్నక్షరాల్లో.

"వీడి దుంపతెగ," అని నవ్వుతూనే, షట్టర్ ఎత్తడానికి తాళంచెవులు తీసుకుంది దేవమణి. రాత్రికి తన ప్రకటనలో నందిగామని ఇంకా చిన్నది చెయ్యాలి.