అంచులు మింగిన టీవీ

సాగిన్ ఆలస్యంగా వచ్చాడు. సొంత అన్న మీద జిపారాకి ఉన్న కడుపుమంట అదొక్కటే. ఇరవై రెండేళ్లుగా అదే.

ఈ పూట సంగతి కాదు. ఈ పూట సంవత్సరాఖరు విందుకి మధ్యాహ్నానికే దిగాడు, మనిషంత పొడుగు అట్టపెట్టె ఇద్దరు కుర్రాళ్లచేత మోయించుకుని. ఆలస్యంగా వచ్చింది ఆ రోజు. ఇప్పుడు మొగుడైన కుబాత్, వాడి స్నేహితులు సంత నుంచి ఆమెని కారులో పడేసి ఈ ఇంటికి ఎత్తుకొచ్చిన రోజు. "కబురు అందగానే బయల్దేరానే తల్లీ. కొండ కనుమ మీద బండి చెడింది. మంచు. తెల్లారి వచ్చేసరికి నీ నెత్తిన తెల్ల రుమాలు కట్టేశారు" అన్నాడు అప్పుడు. రుమాలు కడితే పెళ్లయిపోయినట్టే, ఆ తర్వాత ఏ అన్నయినా చేసేదేముంది, కూచుని టీ తాగిపోవడమే. తాగాడు, పోయాడు. ఆ ఆలస్యాన్ని జిపారా ముప్పాతిక వంతు క్షమించింది. మిగిలిన పావు వంతు కడుపులో పెట్టుకునే ఏటా వాడికి గొర్రె తల ఉడకబెట్టి పెడుతోంది.

పెట్టె విప్పితే టీవీ. అరవై అయిదు అంగుళాలు. కుబాత్ కళ్లు అంతకంటే వెడల్పయ్యాయి.

"ఇంత ఖరీదు ఎందుకు బావా?"

"ఖరీదెక్కడిది! కింద పట్నంలో మా స్నేహితుడి దుకాణం. నువ్వు నాకు పరాయివాడివా ఏంటి, తగిలించు."

తగిలించడానికి గోడ కావాలి. గోడకి జిపారా ఊలు తివాచీ ఉంది. రెండు చలికాలాలు సూది పొడుచుకుంటూ కుట్టింది, బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే. కుబాత్ దాన్ని పీకి చుట్టచుట్టి కట్టెల కొట్లో పడేశాడు. "అది దుమ్ము పట్టేది, ఇది బొమ్మ చూపించేది" అన్నాడు. అందరూ నవ్వారు. జిపారా కూడా నవ్వింది. ఎక్కడ నవ్వాలో ఈ ఇంట్లో ఆమెకి బాగా అలవాటే.

పెట్టె మోసిన కుర్రాళ్లని టీకి పిలిచింది. రాలేదు. కారు అద్దాలు ఎత్తుకుని లోపలే కూచున్నారు. పండగ పూట ఎముకలు కొరికే చలిలో గుమ్మం దాకా వచ్చి టీ వద్దనేవాడు ఈ నారిన్ కొండల్లో పుట్టలేదు. ఆ ముక్క ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. కానీ మాంసం కుడుములు, మంతి, ఆవిరి మీద ఉన్నాయి, మయొనేజు సలాడ్‌కి బంగాళాదుంపలు తరగాలి, టీ నీళ్లు కాగే సమోవార్‌లో నిప్పులు వెయ్యాలి. ముల్లు తీసుకునే తీరిక కోడలికి ఎక్కడ దొరుకుతుంది?

కోడలి చోటు గుమ్మం పక్కనే, సమోవార్ దగ్గర. టీ గిన్నె నిండా పొయ్యకూడదు. నిండా పోస్తే ఇంక లేచి పొమ్మన్నట్టు. అడుగున కాస్త పోసి ఇవ్వాలి, వాళ్లు ఒక్క గుక్కలో తాగి చాపాలి, మళ్లీ పొయ్యాలి. గుమ్మానికి ఎదురుగా మెత్తల మీద కూచున్నవాళ్లకి అది మర్యాద, పోసేవాళ్లకి మోకాళ్ల నొప్పి. ఇన్నేళ్లలో ఒక్క సినిమా కూడా ఆమె ఎదురుగా కూచుని చూడలేదు. పక్కవాటంగా చూసింది, లేదా వంటింట్లోంచి విన్నది. తుర్కీ సీరియళ్లు, కొరియా సీరియళ్లు, ఏటా ఇదే రోజున వేసే పాత రష్యా నవ్వుల సినిమాలు, అన్నీ చెవులతోనే. అందులో ఆడవాళ్ల మొహాలు ఆమెకి తెలియవు, ఏడుపులు తెలుసు. ఎవరిది నిజం ఏడుపో, ఎవరిది జీతం ఏడుపో గిన్నెలు తోముతూ చెప్పగలదు.

ఇంకొకటి కూడా ఆమెకే తెలుసు. ఈ ఇంటి గడప దాటేటప్పుడు ఆమె కాలు ఎత్తుగా లేస్తుంది, కింద ఎవరో పడుకున్నట్టు. కుబాత్ నాయనమ్మ ఆ రోజు అక్కడే అడ్డంగా పడుకుంది. "దాటవే, దాటి పో! తల నెరిసిన ముసలిదాన్ని దాటినదాని కడుపు పండదు" అని కళ్లు మూసుకుంది. ఎవరు దాటుతారు? ఆ ముసలమ్మ పోయి పదిహేనేళ్లయింది, గుట్ట మీద పూడ్చారు. గడప మీదనుంచి మాత్రం లేవలేదు. నీళ్ల బకెట్‌తో వచ్చినా, పేడ తట్టతో పోయినా జిపారా కాలు ఆమెని తప్పించుకునే పోతుంది.

"కోడలా, టీ" అంది అత్త బాత్మా.

పోసింది.

కూతురు నాజిక్ రాజధానిలో చదువుతోంది, సెలవులకి నిన్ననే వచ్చింది. చేతిలో చిటికెన వేలంత పెన్‌డ్రైవ్ ఊపుతూ టీవీ ముందు నిలబడింది. "అందరికీ కానుక తెచ్చా! చెప్పుకోండి చూద్దాం. చెప్పలేరు. అమ్మానాన్నల పెళ్లి వీడియో! క్యాసెట్ బూజు పట్టి పోతోందని పట్నంలో కడిగించి ఎక్కించా."

ఆ క్యాసెట్ సంగతి అందరికీ తెలిసిందే. కుబాత్ చిన్నాన్న దగ్గర అప్పట్లో కెమెరా ఉండేది, పిల్లని దించిన దగ్గర్నుంచి అంతా తీశాడు. ప్లేయర్ పాడయ్యేదాకా ఏటా పండక్కి వేసేవాళ్లు, పాత నవ్వుల సినిమాల తర్వాత ఇదొక నవ్వుల సినిమా. సాగిన్ ఫోన్ చెవిన పెట్టుకుని లేచాడు. "మీరు చూడండి, నేనొక మాట మాట్లాడొస్తా" అని బయటికి పోయాడు.

తెర వెలిగింది. ఇదే గది. తలుపు తెరిచి ఉంది, గడపకి అడ్డంగా ముసలమ్మ, ఇద్దరాడవాళ్ల చేతుల్లో పందొమ్మిదేళ్ల పిల్ల. అంత పెద్ద తెర మీద ఆ పిల్ల మొహం బల్ల అంత ఉంది. ముక్కు కారుతోంది. "అన్నా! అన్నా!" అని అరుస్తోంది.

"చూడు, చూడు, మేకపిల్లలా ఎట్లా గింజుకుంటోందో" అంది బాత్మా, నోట్లో కమలాతొన పెట్టుకుని.

"అన్నని పిలుస్తోంది పాపం" అన్నాడు కుబాత్. "అన్నేమో కనుమ మీద కారు కింద పడుకున్నాడు!"

ఏటా ఇక్కడే ఈ మాటే. ఏటా ఇక్కడే నవ్వు. జిపారా పెదవులు కూడా అలవాటుగా సాగబోయాయి. సాగలేదు.

బొమ్మకి ఎడమ పక్కన కిటికీ ఉంది. పాత టీవీలో ఎప్పుడూ లేని కిటికీ. అరచేతి మందాన, నిలువుగా. అందులోంచి వాకిలి. వాకిట్లో గుర్రాన్ని కట్టే గుంజ, గుంజ దగ్గర ఒక ఎర్ర గుర్రం, కళ్లెం పట్టుకుని ఒక మగమనిషి వీపు. నెత్తిన నక్కతోలు టోపీ.

"నాజిక్, ఆపు."

అందరూ ఆమె వైపు చూశారు. రిమోట్‌కి హుకుం ఇవ్వడం ఆమె నోట ఎప్పుడూ విన్నవాళ్లు కారు.

"టీ సంగతి చూడవే. సినిమా నీకెందుకు?" అన్నాడు కుబాత్.

"కొంచెం వెనక్కి తిప్పు తల్లీ. ఆ కిటికీ... అదెక్కడిది?"

"పాత డబ్బా టీవీలు బొమ్మ అంచులు మింగేస్తాయమ్మా. కెమెరా తీసిందంతా ఇప్పుడు కనిపిస్తోంది" అంది నాజిక్. తిప్పింది.

టోపీ చెవిరెక్కకి ఎర్ర దారం. నల్లదారం అయిపోతే ఎర్రదారంతో కుట్టింది జిపారాయే, పుట్టింట్లో, పొయ్యి పక్కన కూచుని. ఆడదాని దారమని ఊళ్లో వెక్కిరించారని వాడు వారం రోజులు సణిగాడు. తెర మీద పిల్ల "అన్నా!" అంది. కిటికీలో మనిషి తల ఎత్తాడు. ఇటు చూశాడు. సాగిన్. గడ్డం ఇంకా సరిగా రాని సాగిన్. చూసి, మళ్లీ వంగి, గుర్రం జీను పట్టీ బిగించుకున్నాడు. వాకిట్లో ఎండ మంచు మీద పడి కళ్లు చెదురుతున్నాయి. మర్నాటి తెల్లవారుజాము కాదు, ఎత్తుకొచ్చిన రోజే. కనుమా లేదు, చెడిన బండీ లేదు.

ఆలస్యంగా రాలేదు. ఆమె కంటే ముందే వచ్చాడు.

బాత్మా కమలాగింజ అరచేతిలోకి ఊసి, "ఇప్పుడెందుకే అవన్నీ" అంది మెల్లిగా. "మీవాళ్లకి మర్యాద చెయ్యకుండానే తెచ్చుకున్నామా? గుర్రాన్ని ఇచ్చాం కదా."

జిపారా తల తిప్పింది. గుమ్మం పక్కన కూచున్నవాళ్లకి తెరా కనిపిస్తుంది, అసలు కిటికీ కూడా కనిపిస్తుంది. కిటికీ అదే. గుంజ అదే. గుంజ పక్కన సాగిన్, ఇటు వీపు పెట్టి. చేతిలో కళ్లెం బదులు ఫోన్. గుర్రం బదులు కారు, ఇంజన్ ఆపకుండా, అద్దాలు ఎత్తి. కారులోంచి ఒకడు వేలు పెట్టి ఇంటి వైపు చూపించాడు. సాగిన్ తలాడించాడు. తెర మీదా వాడే, అద్దంలోనూ వాడే. రెంటి మధ్యా సమోవార్ సన్నగా ఏడుస్తోంది. దాని ఏడుపు నిజం ఏడుపే.

మధ్యాహ్నం నుంచీ గుచ్చుకున్న ముల్లు అప్పుడు ఊడొచ్చింది.

తలుపు తోసుకుని సాగిన్ వచ్చాడు, చలిని వెంటేసుకుని. "నాజిక్, కోటు వేసుకో. పట్నంలో కొత్త సంవత్సరం చెట్టుకి దీపాలు పెట్టారట, చూసొద్దాం. టీవీలో కచేరీ మొదలయ్యేసరికి దింపేస్తా."

"నిజంగానా మామయ్యా? ఫొటోలు తీసుకోవచ్చు!" నాజిక్ ఒక చెయ్యి కోటులో దూర్చేసింది.

"అన్నా" అంది జిపారా. "ఆ దుకాణం స్నేహితుడికి కొడుకులెందరు?"

సాగిన్ నవ్వబోయాడు. అప్పుడు తెర కంటపడింది. ఆపిన బొమ్మలో, అరచేతి మందం కిటికీలో, ఎర్రదారం టోపీతో తనే నిలబడి ఉన్నాడు. నవ్వు మీసం దగ్గరే ఆగిపోయింది.

"మంచివాళ్లేనటలే" అన్నాడు కుబాత్, ఎవరూ అడగకుండానే. "చూడ్డం వరకే అన్నాడు మీ అన్న. చూస్తే అరిగిపోతుందా పిల్ల?"

అయితే మొగుడికీ తెలుసు. సగం తెలుసు, మిగతా సగం తెలుసుకోకుండా ఉండటానికి గోడకి మేకులు కొట్టుకున్నాడు. తండ్రికి గోడ నిండా టీవీ, మామయ్యకి ఇంకేం ముట్టిందో. జిపారాకి అరవాలనిపించలేదు. ఈ ఇంట్లో అరుపులు ఎక్కడికి పోతాయో ఇప్పుడే చూసింది. ఏటా వేసుకుని నవ్వుకుంటారు.

లేచింది. టీ గిన్నెలు పక్కకి జరిపింది, ఎవరి కాలైనా తగిలి పగులుతాయని. ఎంతైనా తోమేది తనే. తలుపు దాకా రెండడుగులు వేసి, మోకాళ్ల మీద కూచుని, తర్వాత చెయ్యి ఆనించి, గడపకి అడ్డంగా పడుకుంది.

తలుపు సందులోంచి మంచుగాలి మెడకి కొట్టింది. చెక్క చల్లగా ఉంది. ముసలమ్మ ఇన్నాళ్లూ ఉన్న చోటే. ఇద్దరికీ చోటు సరిపోయింది.

"ఏమిటే ఈ వేషాలు!" బాత్మా మెత్తల మీంచి లేవబోయి మళ్లీ కూలబడింది. "సిగ్గులేదూ? అడ్డం పడుకోడానికి నువ్వేమన్నా ముసలిదానివా? తల నెరిసినవాళ్ల హక్కు అది."

జిపారా మెడ వెనక ముడి విప్పింది. అన్న ముందు, అత్త ముందు, ఈ గదిలో ఒక్కసారి కూడా విప్పని ముడి. రుమాలు తీసి, మడిచి, తలకింద పెట్టుకుంది. పాపిట దగ్గర్నుంచి చెవుల దాకా జుట్టు తెల్లగా ఉంది. నాజిక్ కూడా ఎప్పుడూ చూడలేదు. నలభై ఒకటో ఏట అంత తెలుపు.

"నెరిసింది అత్తయ్యా" అంది. "మీ ఇంట్లోనే నెరిసింది. దాటు అన్నా. పిల్లని తీసుకుని నన్ను దాటిపో."

సాగిన్ ఒక అడుగు వేశాడు. బూటు కొన ఆమె పక్కటెముకలకి బెత్తెడు దూరంలో ఆగింది. బయట తాగుతారు, బొంకుతారు, చెల్లెళ్లని అమ్ముకుంటారు. పడుకున్న తెల్లజుట్టుని దాటమంటే మాత్రం ఈ కొండల్లో మగాళ్ల కాళ్లు రావు. తాతల నాటి భయం.

"టీ చల్లారిపోతోంది, లెయ్యవే" అన్నాడు కుబాత్. మాట్లాడాలి కాబట్టి.

"పోసుకో" అంది.

నాజిక్ తెరకేసి చూసింది. కిటికీకేసి చూసింది. మామయ్యని చూసింది. చదువుకున్న పిల్ల, ఎక్కువసేపు పట్టలేదు. కోటులోంచి చెయ్యి బయటికి లాగింది, టీవీ తీగ గోడలోంచి పీకేసింది, వచ్చి తల్లి తల దగ్గర నేల మీద కూచుంది. ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది, తెర పైకి. "ఆ కారు కదలకపోతే నేను ఎవరికి ఫోన్ చేస్తానో నీకు తెలుసు మామయ్యా" అంది.

బయట హారన్ మోగింది. ఎవరూ వెళ్లలేదు. మళ్లీ మోగింది. సాగిన్ ఫోన్ జేబులో గిలగిలా కొట్టుకుని ఆగిపోయింది. తర్వాత చక్రాల కింద మంచు నలిగిన చప్పుడు, వాకిలి దాటి, వీధిలోకి, కిందికి.

జిపారా లేవలేదు. పైకప్పు దూలాలు చూస్తూ పడుకుంది. ఈ దూలాల్ని ఎన్నిసార్లు దులిపిందో గాని, కింద పడుకుని చూడటం ఇదే మొదటిసారి.

"ఆ గుర్రం ఏమైంది అన్నా?" అంది.

సాగిన్ గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నల్లటి తెరకేసి చూశాడు. నోరు తెరిస్తే క్షమించమంటాడేమో అనుకుంది ఆమె. ఒక్క క్షణం, పిచ్చిది, నిజంగానే అనుకుంది.

"నాకు మాత్రం ఏం మిగిలిందే?" అన్నాడు సాగిన్, గొంతు నిండా తన కష్టమే. "నాలుగేళ్ల గుర్రం. ఆ ఫిబ్రవరిలోనే మంచు మీద జారి కాలు విరిగింది, కోసెయ్యాల్సొచ్చింది. మాంసం అమ్మితే వచ్చింది ఎంతనుకున్నావు? మూడు వేల సోములు. అంతే. మొత్తం మూడు వేల సోములు."