వియ్యపురాలి వెనకమెట్లు

పనిలోవాళ్ళందరికీ ఆయన 'రసమట్టం'. గోడకి ఏది బిగించినా దాని మీద రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టే మనిషి. టీ గ్లాసు పెట్టే ముందు కూడా బల్ల వాటం చూసుకుంటాడని వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఏసీలు బిగించీ బిగించీ జుట్టు నెరిసింది కానీ ఇంతవరకూ ఒక్కరి చేతా వేలెత్తి చూపించుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా చెబుతాడు.

అలాంటి మనిషి, కూతుర్నిచ్చిన ఇంట్లో హీట్ పంపు పెడతానని తనంతట తానే మాటిచ్చాడు. బయటి గాలిలో ఉన్న కాస్త వెచ్చదనాన్నీ లాగి ఇంట్లోకి తోసే మిషను అది. వియ్యపురాలు కిందటేడు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. చలికి ఆ కాలు కొయ్యబారిపోతోందని కూతురు చెప్పింది. ఇంకోసారి పడితే మంచం దిగడం కష్టమని డాక్టరు ముందే చెప్పేశాడు.

వియ్యాలవారింటి పని కదా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. గొట్టం దూరం తగ్గుతుందని బయటి యూనిట్టుని వెనకమెట్ల పక్కనే కూర్చోబెట్టాడు. డబ్బాలో ఒక వంపు తిరిగిన ప్లాస్టిక్ ముక్క మిగిలితే, దీనితో పనేముందిలే అని సంచిలో పడేశాడు. వియ్యపురాలు శాలువా కప్పుకుని వచ్చి చూసి, అన్నయ్యగారి చెయ్యి పడ్డాక ఇక చూసుకోవాల్సిందేముంది అంది. ఆ ఒక్క మాటకి ఆయన నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

తర్వాత అసలు చలి దిగింది. ఒక పొద్దున ఎవరింటికో రిపేరుకి వెళ్ళి, అక్కడి బయటి యూనిట్టు ముందు కూర్చున్నాడు. దాని ఒంటి నిండా మంచు పేరుకుని ఉంది. చూస్తుండగానే మిషను ఫ్యాను ఆపేసి, బుస్సుమని, తన మంచుని తనే కరిగించుకుంది. నీళ్ళు జలజలా కారి సిమెంటు మీద పరుచుకున్నాయి. అంతకుముందు కారినవి అప్పటికే గడ్డకట్టి అద్దంలా మెరుస్తున్నాయి.

రసమట్టానికి వియ్యపురాలి వెనకమెట్లు కళ్ళ ముందు మెదిలాయి. ఇన్నేళ్ళూ ఆయన చల్లబరిచే మిషన్లే బిగించాడు. వాటికి నీళ్ళు ఊరేది ఇంటి లోపల; దానికి దారి చూపిస్తే సరిపోయేది. వెచ్చబరిచేటప్పుడు అంతా తలకిందులై నీళ్ళు బయటే కారతాయని ఆయన చేతులకి తట్టలేదు. సంచి తడిమితే ఆ ప్లాస్టిక్ వంపు తగిలింది. ఆ నీళ్ళు ఒక దారిన పోవడానికి యూనిట్టు అడుగున పెట్టాల్సిన మూతి అది.

వియ్యపురాలు రోజూ పొద్దున్నే చెత్తబుట్ట పట్టుకుని ఆ మెట్లే దిగుతుంది. ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు. చెప్పాపెట్టకుండా ఆ పని వదిలేసి వ్యానెక్కాడు. ఆవిడ పడి ఉంటే ఆ ఇంట్లో ఎవరూ తన కూతుర్ని పల్లెత్తు మాట అనరు. అంత మంచివాళ్ళు. ఎవరూ ఏమీ అనకపోయినా ఆవిడ మంచం పక్కనే తన కూతురు జీవితాంతం తిరగాలి. వ్యానుని ఇంకాస్త వేగంగా పోనిచ్చాడు.

వెనక గేటు తోసుకుని వెళ్ళేసరికి మెట్ల కింద చెత్తబుట్ట పక్కకి ఒరిగి పడి ఉంది.

యూనిట్టు చాటు నుంచి కూతురు బయటికొచ్చింది, రెండు చేతులా బట్టలు నానబెట్టే టబ్బు పట్టుకుని. గుమ్మంలో వియ్యపురాలు నిలబడి ఉంది. తన రెండు కాళ్ళ మీదే నిలబడి ఉంది. మెట్లు పొడిగా ఉన్నాయి. ఫోన్లు లోపలే ఉండిపోయాయి; చెత్తబుట్ట టబ్బు తగిలి ఒరిగింది. ఆయన్ని చూడగానే అత్తాకోడళ్ళిద్దరూ దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు మొహాలు పెట్టారు.

కూతురే బయటపడింది. "నీళ్ళు కారడం అత్తయ్య మొదటిరోజే చూశారు నాన్నా. టబ్బు పెట్టి పారబోసుకుందాం, మీకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"మరేం చెయ్యను అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు నెమ్మదిగా. "అంత శ్రద్ధగా చేసిపెట్టారు. వంక పెట్టడానికి నోరు రాలేదు."

ఆయన అదే మెట్టు మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు.

"తప్పు నాది చెల్లెమ్మా. నీళ్ళకి దారి పెట్టడం మర్చిపోయాను. ఏ రోజైనా ఆ టబ్బు పొర్లి ఉంటే? మన మర్యాద మీ కాలి మీదకొచ్చేది."

ఆ రోజంతా అక్కడే. మిషను కట్టేసి, గొట్టాలని ముందే ఒక చుట్ట ఎక్కువ వదిలాడు కాబట్టి యూనిట్టుని జానెడు పైకెత్తి స్టాండు మీద నిలబెట్టాడు. మెట్లకి దూరంగా, పెరటి మూల గడ్డపారతో గుంత తవ్వి కంకర నింపాడు. ప్లాస్టిక్ వంపుని యూనిట్టు అడుగున బిగించి, దారిలో నీళ్ళు నిలిచి గడ్డకట్టకుండా మంచి వాటంతో పైపు వేసి, దానికి స్పాంజి తొడిగి గుంతలోకి దింపాడు. చెంబుతో నీళ్ళు పోస్తే చుక్క మిగలకుండా వెళ్ళి కంకరలో ఇంకిపోయాయి. ఇంకో చెంబు పోయించింది వియ్యపురాలు. అప్పటికీ నమ్మక, తనే దిగొచ్చి చెప్పుతో మెట్లు రాసి చూసింది.

ఆయన సామాన్లు సర్దుతుంటే ఆవిడ గోడకేసి వేలెత్తి చూపించింది.

"అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. ఆ గొట్టం మీద వేసిన పట్టీ వంకరగా ఉంది. మొదటిరోజు నుంచీ."

కూతురు నాలిక్కరుచుకుంది. ఆయన రసమట్టం తీసి పట్టీ మీద పెట్టాడు. బుడగ ఒక పక్కకి వెళ్ళి కూర్చుంది.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?" అన్నాడు, స్క్రూడ్రైవరు మళ్ళీ బయటికి తీస్తూ.

"ఉన్నాయి," అంది వియ్యపురాలు, కుర్చీ దగ్గరికి లాక్కుని.