గోనెసంచిలో నానిన గ్లౌజు

నేను ఒక బేస్‌బాల్ గ్లౌజును. జలంధర్‌లో ఒక రేకుల షెడ్డులో ఎద్దుతోలుతో కుట్టారు నన్ను. ఎవరి చేతిని కొలిచి కుట్టారో గానీ, ఆ మహానుభావుడి అరచేయి విస్తరాకంత ఉండి ఉంటుంది. అలాంటి నన్ను తెచ్చి నిజామాబాద్ పక్క ఊళ్లో సర్కారు బడి బీరువాలో పడేశారు. రెండేళ్లు అందులోనే మగ్గాను. కొనడం మీద ఉన్న శ్రద్ధ వాడడం మీద ఉండదు లెండి మనుషులకు.

చివరికి ఏడో తరగతి రవళికి ఇచ్చారు. ఆ పిల్ల వేళ్లు నా వేళ్లలో సగం దాకా కూడా రాలేదు. నన్ను మూయలేక బంతులన్నీ వదిలేసేది. ఆటలు నేర్పే సుగుణ మేడం చూసి, "చిటికెన వేలు గూట్ల రెండు వేళ్లు పెట్టు. రోజూ ఇంత నూనె రాసి, నడుమ బంతి పెట్టి తాడుతోని కట్టు. తోలు తొందరపెడితే వినదే," అంది.

నాలుగు నెలలు! కొబ్బరినూనె రాసింది, రోకలితో కొట్టింది, తలకింద పెట్టుకుని పడుకుంది. నేనేమన్నా తక్కువ మొండిదాన్నా? అయినా లొంగాను. ఆ బుల్లి చెయ్యి మడిస్తే ఠక్కున మూసుకోవడం నేర్చుకున్నాను. జిల్లా సెలక్షన్‌లో నెగ్గితే క్రీడా హాస్టల్లో సీటు, చదువు. లేదంటే బడి మాని తల్లి పక్కన బీడీలు చుట్టడమే. ఇంట్లో ఆ మాట ఎప్పుడో ఖాయమైపోయింది.

తల్లి గంగామణి చెడ్డది కాదు. అదే నా ఏడుపు. సెలక్షన్ ముందు రోజు రవళి బడికి పోగానే నన్ను నొక్కి చూసి, "ఇంక గట్టిగనే ఉన్నది, పిల్ల చెయ్యి నొయ్యదా?" అనుకుంది. బీడీలు చుట్టే ఎండిన తునికాకును నీళ్లలో ముంచి, తడి గోనెలో చుట్టి మెత్తబరచడం ఇరవై ఏళ్లుగా ఆమె చేస్తున్న పని. నన్నూ అట్లాగే చుట్టింది. మధ్యాహ్నం విప్పి, మెత్తబడ్డానని మురిసిపోయి, ఇంటి రేకుల మీద ఎండబెట్టింది. ఓ తల్లీ, నేను ఆకును కాను, తోలును అని అరవడానికి నాకు నోరేదీ? సాయంత్రానికి చెక్కలా బిగుసుకుపోయాను. రవళి వచ్చి, పక్కనే ఉన్న తడి గోనె చూసి, నన్ను ముట్టుకోగానే బిక్కచచ్చిపోయింది. తల్లి కంట పడకుండా సీసాడు నూనె పోసింది. ఏం లాభం? బడిలో మిగతా గ్లౌజులు నాకంటే పెద్దవి.

మర్నాడు మైదానంలో మూడు బంతులు వచ్చాయి. మూడూ నాకు తగిలి బయటికే ఎగిరిపోయాయి. జాబితాలో రవళి పేరు లేదు.

"దీన్ని ఏం చేసినవే?" అని మేడం అరిచింది.

"తెల్వక నేనే నీళ్లల్ల ఏసిన మేడం," అంది రవళి. ఛీ, నా బతుకు!

ఇంటికి రాగానే గంగామణి ఎదురొచ్చింది. "ఏమైంది బిడ్డా?"

"కాలేదమ్మా. బంతులు జోరుగ వచ్చినయ్."

"గ్లౌజు మెత్తగుండెనా మరి?"

"మస్తు మెత్తగుండె."

తల్లి ముఖం విప్పారింది. "నేను జెప్పలే! వచ్చే ఏడు రెండు దినాల ముందుగాలనే నానవెడ్త," అంది.

బడే లేని ఆ వచ్చే ఏడుకు రవళి సరేనని తలూపింది. కత్తెర తీసుకుని, ఆకు కత్తిరించడానికి తల్లి పక్కన కూర్చుంది.