మల్లవ్వ గీసిన గీత

మాత్రలు మింగి, చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుంటూ నర్సన్న సైకిలు బయటికి తీస్తుండగా, గుమ్మం పక్క మంచంలోంచి రోజూ వచ్చే ప్రశ్న వచ్చింది.

"ఒంటికి పోయినవా?"

మాట ముద్దగా వచ్చింది. ఈ మధ్యే పక్షవాతం వచ్చి తల్లి మల్లవ్వకు కుడి పక్క చచ్చుబడిపోయింది, మూతి ఓ వైపుకు జారింది. ఆమె మాటల్లో సగం కోడలు ముత్యమ్మకు తప్ప ఎవరికీ అర్థం కావు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం చిట్కుల్‌లో ఆ గల్లీ మొత్తానికీ అర్థమవుతుంది. పదేళ్లుగా వింటున్నారు మరి. నలభై దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, మందుల కంపెనీలో బాయిలర్ నడిపే మనిషిని పట్టుకుని, పక్కింటివాళ్లు పళ్లు తోముకుంటుండగా, మూత్రం వచ్చిందా లేదా అని కేకేసి అడిగే తల్లి లోకంలో ఇంకెవరికైనా ఉంటుందా? నర్సన్న సిగ్గుతో చచ్చిపోయేవాడు. చచ్చిపోతూనే "పోయిన" అని చెప్పేవాడు.

ఆ రోజు చెప్పలేదు. మొదటి షిఫ్టు సైరన్ కూసింది. అవ్వ ఇలా ఉండగా డ్యూటీ ఏమిటని వారంపాటు ఇంట్లో కూర్చుంటే, ఎడం చెయ్యి ఆడించి ఆడించి తరిమింది ఆమే. గోడ మీద బోర్లించిన ప్లాస్టిక్ జగ్గు వంక కూడా చూడకుండా, ముత్యమ్మతో అవ్వను చూసుకోమని చెప్పి, ఇస్నాపూర్‌లోని కంపెనీ వైపు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

బాయిలర్ హౌసులో అడుగు పెడితే ఏప్రిల్ నెలకూ డిసెంబరుకూ తేడా తెలియదు. ఎప్పుడూ అదే సెగ, అదే హోరు. ఇప్పుడు నర్సన్న బొగ్గు ఎత్తడు. ఆపరేషన్ తరువాత దుమ్ము పడకూడదని ఆ పని తప్పించారు. బాయిలర్ ముందు ఇనుప స్టూలు మీద కూర్చుని నీటిమట్టం చూడటమే అతని ఉద్యోగం. నిలువుగా ఒక గాజు గొట్టం, దానిమీద రెండు ఎర్ర గీతలు. నీళ్లు కింది గీతకు దిగాయా, లోపల గొట్టాలు కాలిపోతాయి. పై గీత దాటాయా, ఆవిరితోపాటు నీళ్లూ కొట్టుకొస్తాయి. షిఫ్టుకోసారి అడుగున వాల్వు తిప్పి మడ్డినీళ్లు వదలాలి. వదలకపోతే ఉప్పు పేరుకుని ఎంత మంచి బాయిలరైనా నాశనమవుతుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. ఇందులో గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. బాయిలర్ పేలనంతకాలం ఆపరేటర్ పేరు ఎవరికీ తెలియదు.

ఒళ్లు కూడా బాయిలరేనని అతనికి తెలిసొచ్చింది ముప్ఫయ్యో ఏట. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బేది, సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. అన్నం వాసన చూస్తే వాంతి. అంతకుముందు రెండు మూడేళ్లుగా తలనొప్పి ఉండేది. అది బాయిలర్ వేడికేనని అందరూ అన్నారు, తనూ అనుకున్నాడు. కిరాణా కొట్లో నొప్పి మాత్రలు కొనుక్కుని చాయ్‌తో పాటు వేసుకునేవాడు. వాటికి నొప్పి తగ్గేది, లోపలి రక్తపోటు మాత్రం తన పని తాను చేసుకుపోయేది. పావలా ఖర్చు లేని పనైనా, ఒక్కసారి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసినవాడు లేడు. చివరికి ఈఎస్ఐ చీటీ మీద పట్నం పెద్దాసుపత్రికి వెళితే, డాక్టరమ్మ స్కాను ఫోటో వెలుతురులో పెట్టి చూపించింది. రెండు కిడ్నీలూ వడలిపోయి చింతగింజలంత అయ్యాయట. ఇక అవి కోలుకోవు.

ఏం చెయ్యవచ్చో ఆమె నిదానంగా చెప్పింది. వారానికి రెండుసార్లు వచ్చి మిషన్ మీద రక్తం కడిగించుకోవడం ఒక దారి. పొట్టలోకి గొట్టం పెట్టించుకుని, ఇంట్లోనే రోజూ మందునీళ్లు ఎక్కించి దింపుకోవడం ఇంకో దారి. ఎవరైనా ఇస్తే మంచి కిడ్నీ పెట్టించుకోవడం మూడోది. నర్సన్నకు మొదటిది వెంటనే అర్థమైంది. అడుగు వాల్వు జామ్ అయింది, బయటినుంచి మడ్డి తియ్యాలి, అంతే. రెండోదానికి గది అద్దంలా ఉండాలంది డాక్టరమ్మ. పక్కనే నిలబడ్డ మల్లవ్వ, తమ ఇంట్లో మేకలు కూడా మనుషులతోనే పడుకుంటాయని చెప్పి ఆ దారి అక్కడికక్కడే మూసేసింది. మూడోదాని గురించి ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు.

మిషన్ మొదలైంది. బస్సెక్కి పట్నం, నాలుగు గంటలు మంచం మీద, మళ్లీ బస్సు. దిగేసరికి పిండి ఆరేసిన బట్టలా ఉండేవాడు. దానికన్నా నరకం దూప, తీరని దాహం. ఒంట్లోంచి నీరు పోయే దారి లేదు కాబట్టి తాగే నీళ్లకు కొలత. రోజంతటికీ ఓ చిన్న సీసాడు. ఎదురుగా బాయిలర్ టన్నులకొద్దీ నీళ్లు తాగుతుంటే నర్సన్న పెదవులు తడుపుకుంటూ కూర్చునేవాడు.

ఇది చాలదన్నట్టు పరామర్శలు. వేడి చేసిందని గల్లీవాళ్లంతా కొబ్బరిబోండాలు, అరటిపండ్లు మోసుకొచ్చేవారు. పాపం, ప్రేమతోనే తెచ్చేవారు. ఆ రెండూ ఈ జబ్బుకు విషమనీ, వాటిలోని లవణం రక్తంలో నిలిచిపోతే గుండె ఆగిపోతుందనీ డాక్టరమ్మ చెప్పిందంటే నమ్మేవాళ్లెవరు? కొబ్బరినీళ్లు చెరుపు చేస్తాయా, చోద్యం కాకపోతే! మల్లవ్వ వాదించడం మానేసి, తెచ్చినవాళ్ల ఎదుటే బోండాం ఎత్తి గటగటా తాను తాగేసేది. అరటిపండ్లు మేకలకు వేసేది. కొడుకు నోటి కాడిది లాక్కుంటుందని ఆమెకు పేరొచ్చింది. వస్తే రానీ అంది.

కిడ్నీ ఇద్దామంటే ముత్యమ్మ రక్తం కలవలేదు. మల్లవ్వది కలిసింది. నర్సన్న ససేమిరా అన్నాడు. ముసలితనంలో అవ్వ కడుపు కోయించి బతికే బతుకు తనకొద్దన్నాడు. అన్నం మానేసి, అలిగి, చివరకు ఏడ్చాడు కూడా. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మల్లవ్వ ముందు ఆ ఇద్దరూ చాలరు.

"నిన్నెవడు అడిగిండు?" అంది. "డాక్టరమ్మ నన్నడిగింది. నేనిస్త అన్న. నడుమ నీదేంది?"

ఎవరి బలవంతమైనా ఉందా అని ఆసుపత్రిలో పెద్దలు కూర్చోబెట్టి అడిగితే, తనను ఎవరూ బలవంతం చెయ్యడం లేదనీ, ఒద్దంటున్నది వాడు కాబట్టి చేతనైతే వాణ్ణే బలవంతం చెయ్యమనీ చెప్పింది. వాళ్లు నవ్వి సంతకాలు పెట్టారు.

ఆపరేషన్‌కు ముందు కొన్ని నెలలపాటు మల్లవ్వ చేసిన పని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కంపెనీ ఆవరణ ఊడ్చి వచ్చాక సాయంత్రం ఒక ముంత ఈతకల్లు, బుగ్గన తంబాకు, ఈ రెండే ఆమె భోగాలు. రెండూ ఒక్కరోజున మానేసింది. గట్ల వెంట తిరిగి, కిడ్నీకి మంచిదని తెల్ల గలిజేరాకు ఏరుకొచ్చి పప్పులో వండుకు తిన్నది. ఇక తన ఈతచెట్లు అమ్ముకోవలసిందేనని కల్లు సత్తయ్య ఎకసెక్కమాడితే, ఆమె నవ్వలేదు. ఎవరికైనా గిన్నె ఇచ్చేటప్పుడు కడిగి ఇస్తామా, ఎంగిలిది ఇస్తామా అని అడిగింది. ఆ ముంతను దూలం మీద బోర్లించింది. మళ్లీ దించనే లేదు.

మత్తు దిగి కళ్లు తెరవగానే ఆమె నర్సును అడిగిన మొదటి మాట, "పోసిండా?" అని. పోశాడు. ఏడాదిగా ఎండిపోయిన దారిలోంచి సంచీ నిండేంత పోశాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక మూత్రం కొలుచుకోమని ఒక ప్లాస్టిక్ జగ్గు ఇచ్చి, ఒక్కసారికి ఇంతదాకా రావాలని వేలు పెట్టి చూపించారు. మల్లవ్వకు అంకెలు రావు. నర్సన్న చేత బాయిలర్ హౌసులోని ఎర్ర రంగు తెప్పించి, నర్సు వేలు పెట్టిన చోట తనే ఒక గీత గీసింది. చెయ్యి వణికి అది కాస్త వంకర పోయింది. ఇక కొలవక్కర్లేదని డాక్టరమ్మ తరువాత చెప్పినా ఆమె వినలేదు. రోజూ ఆ జగ్గు కడిగి, గోడ మీద బోర్లించి, ప్రశ్న అడిగి గాని పనికి పోలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు కోపం చివరిదాకా పోలేదు. ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని తరిమేయకుండా ఉండటానికే జీవితాంతం రెండు పూటలా మాత్రలు వేసుకోవాలన్నారు.

"నేను కన్న ఒళ్లు," అంది, "నన్ను గుర్తువట్టదా?"

మొన్న ఉగాది ముందు చేసిన పరీక్షలో కిడ్నీ కాస్త నలిగినట్టు కనబడింది. ఎండాకాలం జాగ్రత్త, ఒక్క పూట ఒళ్లు ఎండినా మళ్లీ మిషన్ మీదికే పోతావని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పటికి మల్లవ్వ ఇంకా నడుస్తోంది. ఇంటికొస్తూ బస్సులో, తనదాన్ని ఎండబెట్టొద్దని దారి పొడుగునా సతాయించింది.

ఆ పొద్దున వాల్వు తిప్పి మడ్డినీళ్లు వదులుతుండగా గేటు నుంచి కబురొచ్చింది. నర్సన్న నీటిమట్టం ఇంకోసారి చూసి, పక్కవాడికి అప్పగించి బయలుదేరాడు. ముత్యమ్మ గంజి తాగిస్తుంటే రెండు గుటకలు మింగి, మూడోది మింగలేదట. అంతే. నొప్పి లేదు, మాట లేదు.

మల్లవ్వను వాకిట్లో పండబెట్టారు. చుట్టాలు వచ్చేదాకా ఆగాలి. ఎండ నడినెత్తికొచ్చింది. డప్పులవాళ్లు నీడకు చేరారు. నర్సన్న తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పొద్దున తాగిన చెంబు తరువాత నాలుక మీద చుక్క పడలేదు. పెదవులు అట్టకట్టాయి, నడుములో సన్నగా పోటు మొదలైంది. ముత్యమ్మ కనిపెట్టి చెంబుతో నీళ్లు తెచ్చింది. నర్సన్న అందుకోబోతే మేనమామ పెద్దరాములు చెయ్యి అడ్డం పెట్టాడు. మల్లవ్వ తోడబుట్టినవాడు, ఆచారం తెలిసిన పెద్దమనిషి. కుండ పట్టే కొడుకు మట్టి అయ్యేదాకా నోట్లో నీళ్లు పోసుకుంటే తల్లి గొంతు అక్కడ ఎండుతుందన్నాడు. కిడ్నీ ఇచ్చినందుకే అక్క ఇట్లా పోయిందని నసిగినవాడు కూడా అతనే. ఇచ్చాక పదేళ్లు ఊడ్చి, తిట్టి, తిరిగి, డెబ్బై దాటి పోయిన మనిషి గురించి ఆ మాట. ఆడవాళ్ల ఏడుపు ఆగింది. అందరూ చెంబు వైపే చూస్తున్నారు.

నర్సన్న తన కుడి పొత్తికడుపు మీద, అంగీ కింద ఉబ్బెత్తుగా చేతికి తగిలే చోట, అరచెయ్యి పెట్టుకున్నాడు.

"మామా, అవ్వ మొత్తం గాడ లేదు," అన్నాడు మెల్లగా. "జెర నా కాడ గుడ ఉంది. దానికి దూపైతంది."

పెద్దరాములు ఆ చెయ్యి వంక చూశాడు. అక్క ముఖం చూశాడు. కండువాతో కళ్లు ఒత్తుకుని, ముత్యమ్మ చేతిలోని చెంబు తనే తీసుకుని వంచాడు. నర్సన్న దోసిలి పట్టి తాగాడు. ఇంకో చెంబు అడిగి తాగాడు. ఎవరు నవ్విపోయినా సరేననుకుని కడుపు నిండా తాగాడు.

పాడె కట్టే వేళకు లేచి, గోడ మీది జగ్గు తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లాడు.

ఊరికీ బొందలగడ్డ శ్మశానానికీ మధ్య, రోడ్డు పక్కన లారీల హోరులో పాడె దించారు. దింపుడు కల్లెం. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని కొడుకు చెవి దగ్గర ముమ్మారు పిలవాలి. నర్సన్న వంగాడు. రెండుసార్లు అవ్వా అని పిలిచాడు. మూడోసారి చెవికి నోరు ఆనించి, పక్కన ఉన్న పెద్దరాములుకు తప్ప ఎవరికీ వినబడకుండా, పొద్దున బాకీ పడిన జవాబు చెప్పాడు.

"పోయిన అవ్వా. గీత దాటింది."

మట్టి చేసి, స్నానాలు చేసి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో దీపం పెట్టారు. మాత్రల వేళ అయిందని ముత్యమ్మ గుర్తు చేయకముందే నర్సన్న వేసుకున్నాడు. నీళ్లు తాగుతూ గోడ వైపు చూశాడు. తొందరలో అతను కడిగి పెట్టిన జగ్గు, బోర్లించమని చెప్పేవాళ్లు లేక, నిలువుగానే ఉంది. వంకరగా ఉన్న ఎర్ర గీత మీద ఇంకా తడి ఆరలేదు.