మెత్తని గొంతు

మా చెల్లి ఉద్యోగంలో చేరిన రోజే పోయింది. పొద్దున తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వెళ్ళింది. మధ్యాహ్నం అదే ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ వార్డు తలుపు ముందు, ఒక మనిషి దాని తల మీద సెలైన్ స్టాండుతో కొట్టాడు. నేను అక్కడే ఉన్నాను.

అతను ఇప్పుడు జైల్లో ఉన్నాడు. అతని సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను ఆసుపత్రివాళ్ళని అడుగుతున్నది ఒక్కటే. లోపల ఎవరైనా చనిపోతే ఆ మాట చెప్పడానికి డాక్టరే తలుపు తీసుకుని బయటికి రావాలి.

అమ్మ పోయాక చెల్లిని పెంచింది నేనే. అది నర్సింగ్ పూర్తిచేసి ఊళ్ళో ఉన్న ఆసుపత్రులన్నీ తిరిగింది. ప్రతిచోటా అదే ప్రశ్న, అనుభవం ఉందా అని. ఒకరోజు చెప్పులు గుమ్మంలో విసిరికొట్టి వచ్చి నా ముందు కూలబడింది.

"అక్కా, మీ బళ్ళో ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు, ఇదివరకు ఒకటో తరగతి చదివిన అనుభవం ఉందా అని అడుగుతారా?"

"అడగం. ముక్కు తుడుచుకోవడం వచ్చో రాదో చూస్తాం."

"అది నాకు బాగా వచ్చు. ఎవరికైనా చెప్పి ఉద్యోగం ఇప్పించు."

ఆఖరికి ఈ ఆసుపత్రిలో పిలిచారు. అక్కడ నర్సులందరి మీదా ఒక పెద్దావిడ ఉంది. అందరూ పెద్దసిస్టర్ అంటారు. ఆవిడ సర్టిఫికెట్ల మొహం కూడా చూడకుండా తన చేతినే బల్ల మీద చాపి రక్తం తియ్యమందట. చెల్లి ఒక్క పోటుకే నరం పట్టుకుంది. తర్వాత ఆవిడ, "ఏదైనా మాట్లాడు, నీ గొంతు వింటాను" అందట. చెల్లి మా ఇంటి గురించి, నా గురించి ఏదో చెప్పింది. "మెత్తగా ఉంది. రేపట్నుంచి రా" అందట.

"నీ సుతిమెత్తని అరుపులు విని పెరిగాను కదా, అదే కలిసొచ్చింది" అని రాత్రంతా నన్ను ఏడిపించింది. గొంతు చూసి ఉద్యోగం ఎందుకిచ్చారో ఇద్దరం ఆలోచించలేదు.

మర్నాడు బడి ఒంటిపూట. మొదటిరోజు కంగారులో తినదని భోజనం డబ్బా పట్టుకుని వెళ్ళాను. వార్డు బయట బెంచీ మీద ఒక లారీ డ్రైవరు, అతని తల్లి, ఇంకొందరు మగవాళ్ళు ఉన్నారు. డ్రైవరు తమ్ముడు రేకుల కప్పు బిగిస్తూ జారిపడ్డాడట. డ్రైవరు చొక్కా నిండా ఎండిన రక్తం. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"కూర్చోండమ్మా. మీవాళ్ళెవరికి బాలేదు?"

"మా చెల్లి ఇక్కడ నర్సు. ఇవాళే చేరింది."

"అయితే మావాడికీ లోపల ఏదైనా పని చూడమనండి. కప్పులెక్కడం మానేస్తాడు, వెధవ."

"నోరుముయ్యరా" అని తల్లి అతని తొడ మీద ఒక్కటిచ్చింది. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. చెల్లి బయటికొచ్చింది. దాని వెనకాలే తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

చెల్లి నన్ను చూసింది గాని ఆగలేదు. తిన్నగా వెళ్ళి ఆ తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మీ అబ్బాయి చనిపోయాడమ్మా. బతికించలేకపోయాం."

డ్రైవరు లేచాడు.

"డాక్టరేడి?"

"లోపల ఉన్నారన్నా."

"పిలువు."

అది వెళ్ళి తలుపు తట్టింది. "సార్" అంది. ఎవరూ తియ్యలేదు. మళ్ళీ "సార్, ఒక్కసారి రండి" అంది. ఆ మెత్తని గొంతు అంత లావు తలుపు దాటి ఎక్కడికి పోతుంది?

"వాడు దాక్కుని నిన్ను తోలాడా?" అని డ్రైవరు తలుపు మీద తన్నాడు. వెనకవాళ్ళు కుర్చీలెత్తి కౌంటరు అద్దం మీద వేశారు. గాజు పెంకులు మా అందరి మీదా పడ్డాయి. ఒకడు చెల్లి జడ చేతికి చుట్టుకుని దాని మొహాన్ని తలుపుకేసి కొట్టాడు. "తెరవమను! గట్టిగా అరువు!" పెదవి పగిలింది. అరిచింది. తెరవలేదు. నేను వాడి చెయ్యి కొరికాను. నోటికి రక్తం తగిలింది, వాడు జడ వదిలాడు. అప్పటికే డ్రైవరు గోడవారనున్న స్టాండు ఎత్తాడు. మొదటి దెబ్బకి నేను అడ్డుపడితే మణికట్టు విరిగింది. రెండోది దాని చెవి పైన పడింది. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు వినిపించింది. ఇంకోటి కూడా కొట్టాడు.

"వదలరా! ఆడపిల్లరా! నీకు దణ్ణం పెడతారా!" అని అతని తల్లి అతని కాళ్ళకి చుట్టుకుపోయింది.

చెల్లి తలుపుకి వీపు ఆనించి అలాగే కిందికి జారింది. డ్రైవరు స్టాండు ఒళ్ళో పెట్టుకుని దాని పక్కనే కూలబడి, తమ్ముణ్ణి పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చాడు. పోలీసులొచ్చాక గాని గడియ తియ్యలేదు. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. తెరవడానికి చెల్లిని పక్కకి లాగాల్సొచ్చింది.

కర్మకాండలయ్యాక పెద్దసిస్టర్ మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళిచ్చాను. తాగకుండా పక్కన పెట్టి, జుట్టు పక్కకి తీసి చెవి వెనక పాత కుట్ల మచ్చ చూపించింది.

"నేనూ కొత్తలో అలా బయటికెళ్ళినదాన్నే టీచరుగారూ. ఎవరు కొత్తగా చేరితే వాళ్ళే వెళ్ళి చెప్పాలి. చిన్నపిల్లని, మెత్తగా మాట్లాడేదాన్ని చూస్తే చెయ్యెత్తడానికి మనసొప్పదని మా నమ్మకం. అందుకే గొంతు చూసి తీసుకుంటాం."

"గడియ ఎవరేశారు?"

"నేనే."

"చెల్లి తట్టింది."

"విన్నాను. లోపల ఇంకొకరికి పొట్ట కోసి ఉంది. తీస్తే వాళ్ళు లోపలికొచ్చేవాళ్ళు."

"డాక్టరు వెళ్ళి చెప్పొచ్చుగా?"

"డాక్టర్ని కొడితే వైద్యం ఎవరు చేస్తారండీ?"

బడిలో నేను ఏ పిల్లవాడి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆ నీళ్ళ గ్లాసు తీసి ఆవిడ మొహం మీదికి విసిరాను. ఆవిడ తప్పుకోలేదు. కనుబొమ చీలింది. కొంగుతో అదిమిపట్టుకుని, నేలమీద నీళ్ళు దాటుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత నేను ఆసుపత్రి పెద్దల్ని కలిశాను. ఆలోచిస్తామన్నారు. వారం తిరక్కుండా తలుపుకి ఇనుప జాలీ బిగించారు. కర్రతో ఒక కాపలావాణ్ణి పెట్టారు. నేను అడిగింది అది కాదు. అప్పట్నుంచి బడి వదిలాక ఆ బెంచీ మీద కూర్చుంటున్నాను. కాపలావాడు మొదట్లో గదమాయించేవాడు. ఇప్పుడు "వచ్చారా టీచరమ్మా, హాజరు వేసుకోమంటారా" అంటాడు.

మొన్న ఒక ముసలాయన గుండె ఆగి పోయాడు. జాలీ తెరుచుకుని ఇంకో కొత్తపిల్ల బయటికొచ్చింది. యూనిఫాం మడతలు కూడా పోలేదు. నేను లేచి పక్కన నిలబడ్డాను.

"మీరెవరండీ?" అంది నోట్లోనే.

"నీకంటే ముందు ఈ పని చేసినదాని అక్కని. నువ్వు లోపలికెళ్ళి డాక్టర్ని పంపు."

"అమ్మో, ఆయన్నా? నన్నే వెళ్ళమన్నారండీ."

మాట పూర్తికాకముందే ముసలాయన కొడుకు వచ్చి ఆ పిల్ల గొంతు పట్టుకున్నాడు. కాపలావాడు కర్ర ఎత్తేలోపు కొడుకు వెంట వచ్చినవాళ్ళు ఆ కాపలావాణ్ణే కిందపడేసి తొక్కారు. నేను ఆ కొడుకు వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లాగుతుంటే లోపల్నుంచి పెద్దసిస్టర్ వచ్చింది. ఇద్దరి మధ్యా దూరి, పిల్లని వెనక్కి తోసి, "నాతో మాట్లాడు నాయనా" అంది. అతను పిడికిలితో ఆవిడ నోటి మీద గుద్దాడు. పన్ను ఊడి నా చెప్పు దగ్గర పడింది. ఆవిడ రక్తం మింగి మళ్ళీ, "మీ నాన్న పోయారు. రా, చూద్దువుగాని" అంది. మళ్ళీ ఎత్తిన అతని చెయ్యి పైనే ఆగిపోయింది. తర్వాత కిందికి దిగింది.

ఆ రోజునుంచి కొత్తవాళ్ళని పంపడం లేదు. పెద్దసిస్టర్ తనే వస్తోంది. ఆవిడ వచ్చినప్పుడు నేను లేచి పక్కన నిలబడతాను. ఆవిడ వద్దనదు, మేం మాట్లాడుకోం.

డాక్టరు మాత్రం ఇంకా ఒక్కసారి కూడా బయటికి రాలేదు.