పరంజా మీద నా ఉద్యోగం

నేను ఒక బెల్టును. ప్యాంటు జారకుండా పట్టుకునే రకాన్ని కాను, మనిషి జారిపోకుండా పట్టుకునే రకాన్ని. భుజాల మీదుగా రెండు పట్టీలు, తొడల చుట్టూ రెండు, నడుముకు ఒకటి. వీపు దగ్గర ఒక తాడు, ఆ తాడు చివర నా చేయి అనదగిన ఇనుప కొక్కెం. ఫ్యాక్టరీలో కుట్టు మీద కుట్టు వేసి, బరువులు కట్టి లాగి చూసి నన్ను బయటికి పంపారు. ఎవరి ప్రాణమో నా మీద ఆధారపడుతుందని చాలా గర్వపడ్డాను. హైదరాబాదు చేరగానే ఆ గర్వం దిగిపోయింది.

అక్కడ కడుతున్న ఒక అపార్టుమెంటులో భద్రత చూసే నవాజ్ సారు నన్ను అంజిలయ్య చేతికిచ్చాడు. అంజిలయ్య పాలమూరు వైపు మేస్త్రీ. పరంజా మీద నిలబడి బయటి గోడలకు ప్లాస్టరింగ్ చేస్తాడు. భార్య బాలమణి కింద సిమెంటు మాలు కలిపి బకెట్ నింపుతుంది. అతను పైనుంచి గిలక తాడుతో లాక్కుంటాడు.

నన్ను తొడుక్కున్న మొదటి రోజే పక్క మేస్త్రీ సాయన్న పగలబడి నవ్వాడు.

"ఏంది అంజిలన్నా, దూడకు తలుగేసినట్టు ఏసిండ్రు! పాలు తాగిపోతవనా?"

"సారు జూస్తుండు, ఊకో."

సారు చూస్తున్నంతసేపు నా కొక్కెం గోడ వెంట బిగించిన ఇనుప తాడుకు ఉండేది. సారు అటు తిరగగానే అంజిలయ్య దాన్ని తీసి నా నడుము పట్టీకే తగిలించేవాడు. అంటే నా చేతిని నేనే పట్టుకుని వేలాడాలన్నమాట! సారును మోసం చేయడం తేలికే. కింద ఉన్న నేలను ఎలా మోసం చేస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం సద్ది తినడానికి దిగినప్పుడు బాలమణి కంట నా కొక్కెం పడింది.

"ఇదేందయ్యా? ఎద్దును గుంజకు కట్టేస్తరా, దాని కొమ్ముకే కట్టేస్తరా?"

"అటు ఇటు తిరగనీక అడ్డమొస్తదే. ఇన్నేండ్ల సంది జేస్తున్న, ఎన్నడన్న పడ్డనా?"

"పడ్డోళ్లు గూడ అంతకుముందు పడలే."

ఆ మధ్యాహ్నం గిలక తాడు కిందికి దిగింది కానీ బకెట్ పైకి ఎక్కలేదు.

"మాలు గట్టివడుతది, కట్టవే!"

"గట్టివడనీ. ముందుగాల కొక్కెం తాడుకెయ్యి. నాకు కనవడాలె."

చేసేది లేక అంజిలయ్య నన్ను ఇనుప తాడుకు తగిలించాడు. "సారే నయముండె గదన్నా!" అన్నాడు సాయన్న. ఆ రోజు నుంచి కొక్కెం కనబడితేనే మాలు. నాకు ఉద్యోగం దొరికింది.

అంజిలయ్యకు ఒక అలవాటుంది. గోడ నునుపు చేశాక రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, తన పనిని చూసుకుని మురిసిపోతాడు. నేల మీద అలవాటైంది. పరంజా మీద రెండో అడుగుకు చోటు లేదు. వెనక అడ్డంగా ఉండాల్సిన గొట్టాన్ని, బకెట్‌కు తగులుతోందని మేస్త్రీలే విప్పేశారు. ఒక రోజు కిటికీ అంచు చాలా అందంగా కుదిరింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండోదీ వేశాడు.

నా తాడు ఒక్క గుంజు గుంజింది. నాలోని ప్రతి కుట్టూ "అమ్మా" అంది. తాపీ కింద ఇసుకలో పడింది, అంజిలయ్య పడలేదు. అతని గుండె నా పట్టీలను దబదబా తంతోంది. పక్కనున్న సాయన్న చేతులు చాచి పరంజా మీదికి లాగాడు. కింద బాలమణి, భర్త ఆ గిలక తాడుకే వేలాడుతున్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది.

డాక్టరు చూసి దెబ్బలేమీ లేవన్నాక నవాజ్ సారు నన్ను తిరిగి ఇచ్చేయమన్నాడు. "ఒకసారి మనిషిని ఆపిన బెల్టు మళ్లీ వాడొద్దు. లోపల కుట్లు తెగుతయి. కొత్తది తీసుకో."

"వద్దు సారూ. నా పాణం కాపాడింది. నేనిదే ఏస్కుంట."

ఆ మాటకు నాకు సంతోషం, భయం రెండూ కలిగాయి. నా కుట్లు నాకు తెలుసు. ఇంకోసారి అతన్ని ఆపలేను. చెప్పడానికి నాకు నోరు లేదు.

బాలమణి నన్ను అతని ఒడిలోంచి తీసుకుంది. కళ్లకు అద్దుకుంది. తర్వాత సిమెంటు సంచులు కోసే కత్తితో నా పట్టీలన్నీ తెగ్గోసింది.

"దండం బెట్టుకో. తొడుక్కోకు."

అంత ప్రేమగా కోస్తే ఎవరికి నొప్పిగా ఉంటుంది?

ఇప్పుడు నేను వంకర మేకులతో, ఖాళీ సంచులతో కలిసి చెత్త కుప్పలో ఉన్నాను. తీసేసిన గొట్టాన్ని సాయన్న ఎవరూ చెప్పకుండానే మళ్లీ బిగించాడు. ఈ సాయంత్రం పని ముగిశాక అంజిలయ్య కొత్త బెల్టుతోనే కిందికి దిగి, గోడ వైపు తిరిగి, తల వంచి, వెనక్కి నడవసాగాడు. నన్ను దాటాడు, ఇసుక కుప్పను దాటాడు.

"ఇంకెంత దూరం పోతవయ్యా?" అంది బాలమణి.

"గోడంత కనవడాలె గదనే."

"పో. ఎంత దూరమన్న పో," అని ఆమె నవ్వింది. "ఈడ కింద నేలున్నది."