చల్లారాక చెప్పే రంగు

బయట అక్కను పనికి తీసుకెళ్లే వ్యాను హారను మళ్లీ మోగింది.

"ఏమే పిల్లీ, గుడ్లు పొదుగుతున్నావా? తియ్యి బయటికి!" అంది అక్క.

అడుగుల చప్పుడు వినిపించదని చెల్లెలికి ఇంట్లో ఆ పేరు పెట్టారు. గాజు కొలిమి పని నాన్నది. ఆయన జ్వరంతో మంచం దిగలేకపోవడంతో, పట్టుకారు మొదటిసారి పిల్లి చేతికొచ్చింది. అక్క ఆకుపచ్చ లేజరుతో రాగి రేకులు కోసే చోట పనిచేస్తుంది. ఆమె రక్షణ కళ్లద్దాలు నిన్న పగిలాయి. ఆ వెలుగును మింగే గాజు లేకుండా యంత్రం ముందు నిలబడితే కళ్లు పోవచ్చు.

పిల్లి కొలిమిలోంచి కళ్లద్దాల గాజు బిళ్ల తీసి ఇనుప చట్రంలో నిలబెట్టింది. దానిమ్మ గింజలా మెరిసింది.

"అబ్బ, ఎంత ఎర్రగా వచ్చిందే!"

గాజును ఉత్త చేత్తో పట్టుకోగలిగే దాకా దాని రంగు ఎవరూ పైకి అనకూడదన్నది ఆ కొలిమి దగ్గర కట్టుబాటు. అక్కకూ తెలుసు.

"అప్పుడే రంగు చెప్పకూడదక్కా," అంది పిల్లి నేలచూపులు చూస్తూ.

"నాన్న చాదస్తం నీకూ అంటుకుందా? ఇదిగో చూడు."

అక్క సంచిలోంచి బోర్డు మీద గీతలు చూపించే చిన్న ఆకుపచ్చ లేజరు తీసి గాజులోంచి గోడ మీదికి వేసింది. చుక్క పడలేదు.

"చూశావా? మొత్తం మింగేసింది. కళ్లద్దాల్లో బిగించి ఇచ్చెయ్."

హారను మోగింది. అక్క చెయ్యి చాపింది. పిల్లి చట్రానికి అడ్డంగా నిలబడింది.

"ఇవ్వను."

"ఏంటీ?"

"గాజులో కంటికి కనపడని అర్ధవాహకం గింజలుంటాయక్కా. ప్రతి గింజకూ ఒక గడప. దాన్ని దాటే బలమున్న వెలుగును మింగేస్తుంది, బలం చాలని ఎరుపును వదిలేస్తుంది. వేడికి ఆ గడప కుంగుతుంది, అందుకే ఆకుపచ్చా ఇప్పుడు చిక్కింది. చల్లారితే గడప లేస్తుంది. లేజరు అలాగే పట్టుకో."

పిల్లి ఒక్కసారిగా అంత మాట్లాడటం అక్క ఎప్పుడూ వినలేదు. నవ్వబోయి ఆగింది. లేజరున్న చెయ్యి దించలేదు.

గాజు ఎరుపు విరిగి నారింజకు దిగింది. ఇద్దరూ గోడనే చూస్తున్నారు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. తర్వాత గాజు నారింజ కూడా పోయి పసుపుకు తిరిగేసరికి, గోడ సున్నం మీద ఆకుపచ్చ మసక. ఉందా, లేదా అనిపించేంత. అది మెల్లగా ముదిరి, సూదిమొనలా నిలిచింది.

అక్క ముఖం పాలిపోయింది. బయటికెళ్లి వ్యాను పంపించేసి వచ్చింది.

"మళ్లీ పెట్టొచ్చా?"

"పెడితే గింజలు పెరుగుతాయి, చల్లారినా గడప ఇంక అంత ఎత్తుకు లేవదు. ఎక్కువ కాలితే మాత్రం నల్లబడుతుంది. వెనక్కి తేలేం."

పిల్లి బిళ్లను మళ్లీ కొలిమిలో పెట్టింది. రెప్ప వెయ్యకుండా కూర్చుని, గుండె ధైర్యం చేసుకుని తీసింది. అక్క ఏదో అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వేడి దిగింది. పిల్లి వేలితో తాకి, అరచేతిలోకి తీసుకుని గోడ ముందు పట్టుకుంది. అక్క లేజరు వేసింది. గోడ ఖాళీగా ఉంది. ఎంతసేపు చూసినా ఖాళీగానే ఉంది.

"ఇప్పుడు చెప్పవే," అంది అక్క గొంతు తగ్గించి.

"నారింజ," అంది పిల్లి.